చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని సెన్సార్ కొనేయకండి: వైజాగ్‌లో నాకు తగిలిన దెబ్బ

వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు, కొన్న కారుకి "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్" అని గ్యారేజీలో చెప్పించుకున్నవాళ్లు డబ్బు తీసే ముందు ఇది ఒకసారి చదవండి. నాకు మూడు నెలలు పట్టింది, 13,300 రూపాయలు వదిలాయి. చివరికి తేలిన అసలు రోగం 450 రూపాయల్లో అయిపోయే వైరు పని.

కారు 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏపీ 31 రిజిస్ట్రేషన్. మొదటి ఓనర్‌ది బీచ్ రోడ్డు పక్కనే ఫ్లాటట, కారు ఎప్పుడూ బయటే ఉండేదట. బాడీ కింద తుప్పు ఉందేమో అని పడుకుని మరీ చూశాను కానీ వైర్ల సంగతి తట్టలేదు. మద్దిలపాలెం నుంచి ఇసుకతోట దాకా నడిపి చూశాం. మీటర్లో ఏ లైటూ లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చూపించారు. అడ్వాన్సు ఇచ్చేశాను.

మూడో రోజు సిరిపురం సిగ్నల్ దగ్గర పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. ఆ రాత్రే మా బావమరిది, కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు ఫోన్ యాప్‌లో చూపించే తన బ్లూటూత్ స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింద పోర్టుకి పెట్టాడు. ఈఎల్ఎం327 అని దొరుకుతాయి కదా, ఆ రకం. కోడ్ పీ0135. దానికంటే నన్ను మండించింది ఇంకో లైను: కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం 64 కిలోమీటర్లు. నేను కారు తీసుకున్నాక తిరిగింది 58. అంటే తాళాలు నా చేతికిచ్చే రోజే లైటు ఆర్పి ఇచ్చారన్నమాట! ఇలాంటి కోడ్ చాలా కార్లలో ఒక్క ప్రయాణంతో లైటు వెలిగించదు, వరసగా రెండోసారీ తప్పు కనబడితేనే వెలుగుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో బయటపడకపోవడానికి అదే కారణం. డీలర్‌కి ఫోన్ చేస్తే "పాత కారు అన్నాక లైటు వెలగదేటి గురూ" అని నవ్వాడు.

కాబట్టి కొనే ముందే స్కానర్ పెట్టండి. కోడ్ లేదని చూసి ఊరుకోకండి. అదే యాప్‌లో మానిటర్ స్టేటస్ అని ఉంటుంది. కోడ్‌లు చెరిపినా, బ్యాటరీ పీకినా క్యాటలిస్ట్ (పొగని శుభ్రం చేసే భాగం), ఆక్సిజన్ సెన్సార్ లాంటి పరీక్షలు 'పూర్తి కాలేదు' అని కనిపిస్తాయి. రోజూ తిరిగే కారులో అవి పూర్తయి ఉండాలి. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి, అప్పుడు చెక్ లైటు వెలిగి తీరాలి. వెలగకపోతే లైటునే పీకేశారేమో అనుమానించాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ చూసి ధైర్యపడకండి. అది ఆ నిమిషంలో పొగ గొట్టంలోంచి ఏం వస్తోందో చెబుతుంది, అంతే.

ఇక గ్యారేజీ కథ. పీ0135 అంటే ఇంజిన్ వైపు ముందుండే ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం అని. 'సర్క్యూట్' అన్న మాట పట్టుకోండి, అంటే హీటర్ ఒక్కటే కాదు, దానికి కరెంటు తెచ్చే వైర్లు కూడా. నా డబ్బంతా ఆ మాట దగ్గరే పోయింది. ఈ సెన్సార్ పొగ గొట్టంలో కూర్చుని, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి 0.1 నుంచి 0.9 వోల్టు దాకా సిగ్నల్ ఇస్తుంది. పెట్రోలు ఎక్కువైతే వోల్టు పైకి, గాలి ఎక్కువైతే కిందికి. కానీ దాదాపు 300 డిగ్రీల వేడి ఎక్కితే గానీ అది సరిగ్గా పని చేయదు. త్వరగా వేడెక్కడానికి లోపల చిన్న హీటర్ ఉంటుంది. హీటర్‌కి కరెంటు అందకపోతే, పొగ వేడికి సెన్సార్ కాగేదాకా కంప్యూటర్ అంచనా మీద పెట్రోలు పోస్తుంది. నాది ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్, పావుగంట ప్రయాణం. లీటరుకి 16 ఇచ్చే బండి 12కి పడిపోయింది.

మా ఇంటికి దగ్గర్లోని గ్యారేజీలో సెన్సార్ వైర్లని కారు వైర్లతో కలిపే కప్లర్ ఊడదీసి, మల్టీమీటర్ పెట్టి "కరెంటు వస్తోంది, చూడండి సార్. వైరింగ్ ఓకే, సెన్సారే పోయింది" అన్నారు. మీటర్లో 13.8 వోల్టులు కనిపించింది. నేనూ నమ్మాను. సెన్సార్ 4,800, బిగించినందుకు 700. కోడ్ చెరిపి పంపారు. వారం తిరక్కుండా మళ్లీ పీ0135. ఇంకో వెయ్యి తీసుకుని రెండు రోజులు కారు ఉంచుకుని, ఈసారి "ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, పోయింది, 18,000 అవుద్ది" అన్నారు. అక్కడ మాత్రం నేను తాళాలు వెనక్కి తీసుకున్నాను.

ఆఫీసులో ఒకాయన చెబితే ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. స్కానర్ తీయలేదు, పాత ఇండికేటర్ బల్బు తీశారు. రెండు వైర్లు అతికించిన 21 వాట్ల బల్బు, అంతే. ముందు సెన్సార్ వైపు హీటర్ పిన్‌ల మధ్య ఓమ్‌లు చూశారు, ఆరు చిల్లర వచ్చింది. ఈ విలువ బండిని బట్టి మారుతుంది. అసలు ఏమీ చూపించకపోతే హీటర్ తెగినట్టు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, హార్నెస్ వైపు (కారు వైర్ల వైపు) కప్లర్‌లో హీటర్‌కి కరెంటొచ్చే పిన్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య బల్బు పెట్టారు. మిణుకుమిణుకుమంది. అలాగే ఉంచి మీటర్ పెడితే 13.8 కాస్తా నాలుగు లోపుకి పడిపోయింది.

"మీటరు కరెంటు తాగదు బాబూ. ఒక్క పోగు మిగిలినా మీటర్లో పన్నెండూ చూపించేస్తాది. హీటరు తాగుద్ది కదేటి. బల్బు పెట్టి చూడాల."

నాకు మొత్తం వ్యవహారం ఆ ఒక్క మాటతో అర్థమైపోయింది. ఫ్యూజ్ దగ్గర నుంచి ఆ వైరు వెంట తడుముకుంటూ వెళ్తే ఇంజిన్ వెనక టేపు చుట్టిన అతుకు దొరికింది. ఎలక కొరికినప్పుడో ఎప్పుడో ఎవరో మెలిపెట్టి టేపు వేసి వదిలేశారు. టేపు విప్పితే రాగి లేదు, పచ్చటి చిలుము పొడి రాలింది. సముద్రం గాలి తగిలే ఊళ్లో విప్పదీసిన రాగిని టేపుతో దాచితే ఇంకేమవుతుంది! మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, కొత్త ముక్క కలిపి, సోల్డర్ చేసి, పైన స్లీవ్ వేడి చేసి బిగించారు. 450 రూపాయలు. ఒక్క జాగ్రత్త చెప్పారు: సోల్డర్ కారు వైపు వైరుకే, సెన్సార్ తోకకి వద్దు. చాలా సెన్సార్లు పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని ఆ తోక వైర్ల పోగుల సందుల్లోంచే పీల్చుకుంటాయట, సోల్డర్ పోస్తే దారి మూసుకుపోతుంది.

ఇంతటితో అయిపోతే బాగుండు. పీ0135 పోయింది కానీ పది రోజులకి పీ0133 వచ్చింది, సెన్సార్ స్పందన నెమ్మదిగా ఉందని. మళ్లీ ఆటోనగర్. ఇంజిన్ వేడెక్కాక 2,500 ఆర్‌పీఎం దగ్గర పెట్టి స్కానర్లో గ్రాఫ్ చూశాం. మంచి సెన్సార్ గీత గబగబా పైకీ కిందికీ కొట్టుకోవాలి. మాది మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తున్నవాడిలా కదిలింది. విప్పి చూస్తే ఒంటి మీద పార్ట్ నంబరే లేదు. పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీ సరుకు! డబ్బా మీద నంబరు మాత్రం తప్పు లేకుండా ఉంది. వైరు చూడకపోవడం తెలియనితనం అనుకుని గ్యారేజీవాళ్లని క్షమించేవాణ్నే, ఇది మాత్రం తెలియక చేసింది కాదు. మళ్లీ 6,350 పెట్టి ఆథరైజ్డ్ స్పేర్ కౌంటర్‌లో అసలుది కొన్నాను.

మీ దగ్గర సెన్సార్ మారుస్తామంటే సీల్ మీ ముందే విప్పమనండి, డబ్బా మీది నంబరూ సెన్సార్ మీది నంబరూ కలిపి చూడండి. బల్బు పరీక్ష చేశారా అని అడగండి. ఆ ప్రశ్నకి విసుక్కునే చోట కారు వదలకండి. జీఎస్టీ బిల్లు లేకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి. నాకు ఇచ్చింది ఎస్టిమేట్ అని రాసిన తెల్ల కాగితం. "ఎలక్ట్రికల్ ఐటమ్‌కి రిటర్న్ లేదు" అని గ్యారేజీ తేల్చేశాక 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. ఆ తెల్ల కాగితం, ఫోన్‌పే రసీదు, నకిలీ సెన్సార్ ఫోటోలు అన్నీ ఒక కవర్లో పెట్టుకున్నాను.

అన్నిటికంటే కడుపు మండేది వేరే ఉంది. హీటర్‌కి కరెంటు అందక కోడ్ వచ్చిందే తప్ప, కారుతో వచ్చిన పాత సెన్సార్ బహుశా బాగానే ఉండుంటుంది. దాన్ని అడగడానికి మొన్న ఆ గ్యారేజీకి వెళ్లాను.

"అదెప్పుడో స్క్రాప్‌లో వేసేశాం సార్" అన్నారు.