గన్‌స్మోక్ రేడియో నాటకాలు: చీకట్లో కూర్చుని వినాల్సిన వేట

ముందే చెప్పేస్తాను, నేను రాస్తున్నది అమెరికా టీవీలో 20 ఏళ్ళు నడిచిన కౌబాయ్ కథల సీరియల్ గన్‌స్మోక్ గురించి కాదు. దానికన్నా ముందు 1952 ఏప్రిల్ 26న సీబీఎస్ రేడియోలో మొదలై 1961 జూన్ దాకా వారం వారం వచ్చిన నాటకాల గురించి. పేరు అదే, ఊరు అదే, మార్షల్ (అంటే ఆ ఊరికి పోలీసు అధికారి లాంటివాడు) పేరు కూడా మ్యాట్ డిలనే. కానీ గొంతులు వేరు, ఆ గొంతుల వెనకున్న మనుషులూ వేరు. మొత్తం దాదాపు 480 ప్రసారాలు ఉంటే నేను ఇప్పటికి విన్నవి డెబ్బై దాకా ఉంటాయి, రెండు నెలలుగా రాత్రి అన్నం తిన్నాక రోజుకొకటి చొప్పున. ఒక్కోటి అరగంట.

నేను ఉండేది కాన్సస్‌లో, విచిటాలో. కథ జరిగే డాడ్జ్ సిటీ ఇక్కడికి సుమారు 150 మైళ్ళు, కారులో రెండున్నర గంటలు. ఒక శనివారం ప్రాట్, గ్రీన్స్‌బర్గ్ మీదుగా ఆ ఊరికి వెళ్తూ దారిలో వినడానికి ఏదైనా పెట్టుకుందామని వెతికితే ఇది దొరికింది. ఆ రోడ్డు మీద గోధుమ చేలు, గాలిమరలు, ఆకాశం తప్ప ఇంకేమీ ఉండవు, ఎక్కడో ఒక చెట్టు కనిపిస్తే దాన్నే చూస్తూ వెళ్తాం. అలాంటి చోట స్పీకర్లలోంచి ఒక మనిషి నింపాదిగా, అలసిపోయిన గొంతుతో, అందరూ ముందుగా వెతుక్కునేదీ నన్నే, ఎదురుపడకూడదని కోరుకునేదీ నన్నే, ఈ ఉద్యోగం మనిషిని ఎప్పుడూ కాచుకుని ఉండేలా చేస్తుంది, కాస్త ఒంటరివాణ్ణి కూడా చేస్తుంది అన్నట్టు మాట్లాడాడు. ప్రతి నాటకమూ ఆ నాలుగు మాటలతోనే మొదలవుతుందని తర్వాత తెలిసింది. నేను గ్రీన్స్‌బర్గ్ దాటేసరికి రెండు నాటకాలు అయిపోయాయి, మూడోది అయ్యేదాకా ఊళ్ళోకి వెళ్ళకుండా రోడ్డు పక్కన ఆపుకుని కూర్చున్నాను.

కథాకాలం 1870లు. 1872లో రైలు వచ్చింది, దాంతో డాడ్జ్ సిటీ పుట్టింది. టెక్సస్ నుంచి నెలల తరబడి పశువుల మందల్ని తోలుకొచ్చే కౌబాయ్‌లు ఇక్కడే వాటిని రైలెక్కించి, జీతం డబ్బు చేతిలో పడగానే సెలూన్లలో తగలేసేవాళ్ళు (సెలూన్ అంటే ఇక్కడ మందు తాగే చోటు, క్షవరం కొట్టు కాదు). వ్యాట్ ఎర్ప్, బ్యాట్ మాస్టర్‌సన్ లాంటి వాళ్ళు నిజంగానే ఈ ఊళ్ళో తుపాకీ పెట్టుకుని కాపలా కాశారు. మ్యాట్ డిలన్ మాత్రం కల్పిత పాత్ర. నిర్మాత, దర్శకుడు నార్మన్ మక్‌డానెల్, రచయిత జాన్ మెస్టన్ కలిసి మలిచిన మనిషి. సీబీఎస్ అధిపతి విలియం పేలీ, డిటెక్టివ్ నవలల హీరో ఫిలిప్ మార్లో లాంటివాణ్ణి పాత పడమటి సీమలో పెట్టి ఒక సీరియల్ చెయ్యమన్నాడట, అక్కడ మొదలైంది ఇదంతా. అప్పటిదాకా రేడియో వెస్టర్న్ (కౌబాయ్ కథ) అంటే ఎక్కువగా పిల్లల కోసం చేసేవి, తెల్లగుర్రం, మంచివాడు గెలవడం. ఇది పెద్దవాళ్ళ కోసం చేసింది, వినగానే తెలుస్తుంది.

ఎక్కువ కథల్లో ఉండేది ఇదే: ఎవడో ఒకణ్ణి చంపి పారిపోతాడు, మార్షల్ వెనక వెళ్తాడు, పక్కన అతని సహాయకుడు చెస్టర్. మన సినిమాల్లో అయితే ఇక్కడ ఛేజ్ పెడతారు. ఇందులో వేట చాలా నిదానంగా సాగుతుంది. రెండు గుర్రాలు నడుస్తుంటాయి. మూడు రోజులైంది వాడి జాడ లేదు అంటాడు చెస్టర్. రాత్రి మంట వేసుకుని కాఫీ కాచుకుంటారు, పుల్ల విరిగిన చప్పుడు, దూరంగా నక్క కూత, ఆ తర్వాత ఒక ఐదారు సెకన్లు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే నాకు పిచ్చిపిచ్చిగా నచ్చింది. రేడియోలో నిశ్శబ్దం అంటే భయం కదా, స్టేషన్ పోయిందేమో అనుకుని శ్రోత ముల్లు తిప్పేస్తాడు. వీళ్ళు ధైర్యంగా దాన్ని వదిలేశారు. ఆ సెకన్లలో నాకు కలిగిన టెన్షన్ ఏ తుపాకీ మోతకీ కలగలేదు.

చప్పుళ్ళ గురించి ఇంకాస్త రాయాలి, ఎందుకంటే ఈ నాటకాల ప్రాణం అక్కడే ఉంది. టామ్ హాన్లీ, రే కెంపర్, బిల్ జేమ్స్ అని ముగ్గురు శబ్దాల పని చూశారు. మార్షల్ చెక్క మెట్ల మీద నడుస్తుంటే బూట్ల చప్పుడు ఒకలా ఉంటుంది, మడమలకున్న ముళ్ళచక్రాలు గలగలమంటాయి, ఆ తర్వాత మట్టిలోకి దిగాడు, చప్పుడు మెత్తబడింది, ఇప్పుడు వీధి మధ్యలో ఉన్నాడని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కడో కుక్క మొరుగుతుంది, సెలూన్‌లోంచి పియానో లీలగా వినిపిస్తుంది, తలుపు తోయగానే అదే పియానో దగ్గరవుతుంది. చిన్నప్పుడు ఆకాశవాణి విజయవాడ నాటకాలు వింటున్నప్పుడు మా తాతయ్య, గుర్రం పరుగుకి కొబ్బరి చిప్పలు కొడతార్రా అని చెప్పి చేత్తో తొడ మీద వాయించి చూపించేవాడు. నేను ఆ రోజంతా వంటింట్లో కొబ్బరి చిప్పలు కొట్టుకుంటూ తిరిగాను. గొంతుతో, చప్పుడుతో ఊరంతా కట్టెయ్యచ్చని నాకు మొదట తెలిసింది ఆ నాటకాల వల్లే, మళ్ళీ ఇన్నేళ్ళకి అదే అనుభవం ఇక్కడ దొరికింది. తాతయ్య ఉంటే ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాకపోయినా ఆ నడకలు విని మురిసిపోయేవాడు.

ఇక డిలన్ గొంతు విలియం కాన్రాడ్‌ది. బరువైన గొంతు, కానీ అరవడు. నేరస్తుణ్ణి పట్టుకున్నాక కూడా ఆ గొంతులో గెలిచిన సంతోషం వినపడదు, ఒక చెడ్డ పని అయిపోయింది, ఇంటికి పోదాం అన్నట్టు ఉంటుంది. కొన్నిసార్లు చంపాల్సి వస్తుంది, చంపాక చాలాసేపు మాట్లాడడు. కొన్నిసార్లు వాడు పారిపోవడానికి ఉన్న కారణం విన్నాక మనకే వాణ్ణి వదిలేస్తే బాగుండు అనిపిస్తుంది, ఆయన వదలడు, అలాగని సంతోషంగా తీసుకురాడు. 1955లో టీవీకి వెళ్ళినప్పుడు కాన్రాడ్ భారీ మనిషి కావడంతో ఆ పాత్ర పొడుగ్గా ఉండే జేమ్స్ ఆర్నెస్‌కి ఇచ్చారు. ఆర్నెస్ బాగానే చేశాడు, కానీ రేడియో విన్నాక టీవీ చూస్తుంటే నాకు ప్రతి మాట దగ్గరా ఆ పాత గొంతే గుర్తొస్తోంది, ఆపేశాను.

చెస్టర్‌గా పార్లీ బేర్, డాక్టర్‌గా హోవార్డ్ మక్‌నియర్, కిట్టీగా జార్జియా ఎల్లిస్. మొదటి రోజుల్లో డాక్టర్ పాత్ర కొంచెం ఒళ్ళు జలదరించేలా ఉంటుంది, శవం వచ్చిందంటే ఫీజు వచ్చిందని హుషారుపడతాడు. రానురాను మెత్తబడ్డాడు. కిట్టీ సెలూన్‌లో పని చేసే మనిషి, ఆమె బతుకు ఏమిటో పైకి చెప్పరు, దాచిపెట్టరు కూడా. ఆమె పేరుతోనే ఒక నాటకం ఉంది, మార్షల్ ఆమెని ఊళ్ళో డాన్స్‌కి తీసుకెళ్తాడు, పెద్దింటి ఆడవాళ్ళు ఆమెని చూసే చూపు మనకి కనపడదు, అయినా గుచ్చుకుంటుంది. అందులో తుపాకీ అవసరమే లేదు.

ఒక్కటే వినండి అంటే నేను చెప్పేది 1952 డిసెంబర్‌లో వచ్చిన క్యాబిన్. మంచు తుఫానులో చిక్కుకున్న మార్షల్ ఒక గుడిసె తలుపు తడతాడు, లోపల ఇద్దరు హంతకులు, వాళ్ళ చేతిలో చిక్కిన ఒక అమ్మాయి. ఇక్కడ మార్షల్ వాళ్ళ వెనకపడలేదు, తనే వెళ్ళి వాళ్ళ చేతిలో పడ్డాడు. ఏమవుతుందో చెప్పను. చివర్లో ఆ అమ్మాయి మార్షల్‌తో మాట్లాడే తీరు విని ఇయర్‌ఫోన్లు తీసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ అమ్మాయికి జరిగింది ఏమిటో ఒక్క మాట కూడా బయటికి అనకుండా మొత్తం చెప్పారు, అదీ 1952లో, ఇళ్ళల్లో అందరూ కలిసి వినే రేడియోలో.

నచ్చనివి కూడా ఉన్నాయి. అమెరికా మూలవాసుల పాత్రల్ని తెల్ల నటులే గొంతు మార్చి, తప్పుల ఇంగ్లీషుతో చేశారు. చాలా కథలు వాళ్ళ పక్షానే మాట్లాడతాయి, వాళ్ళకి జరిగిన మోసాన్ని సూటిగా చెప్తాయి, అయినా ఆ గొంతు వినపడగానే మనసుకి ఇబ్బందిగా ఉంటుంది. రెండోది, ఉన్న కొద్దిమంది మంచి నటులే (జాన్ డేనర్, విక్ పెరిన్, లారెన్స్ డాబ్కిన్) వారానికో వేషం వేస్తారు, వరసపెట్టి వింటే నిన్న చచ్చినవాడి గొంతు ఈరోజు బ్యాంకు గుమాస్తాగా వినిపిస్తుంది. అందుకే ఒకే రోజు నాలుగైదు వినకండి. మూడోది ప్రకటనలు, మొదట్లో స్పాన్సర్ లేక శుభ్రంగా ఉన్నాయి, తర్వాత మధ్యమధ్యలో సిగరెట్లు తాగమని అంత ఉత్సాహంగా చెప్తుంటే వినడం కష్టమే, ముందుకు జరిపేసుకోవచ్చు.

పారిపోయినవాణ్ణి పట్టుకోవడమే ముఖ్యంగా కావాలి, పోలీసు పని ఎలా సాగుతుందో వినాలి అనుకునేవాళ్ళకి ఇంకోటి ఉంది, టేల్స్ ఆఫ్ ది టెక్సస్ రేంజర్స్ (రేంజర్లంటే టెక్సస్ రాష్ట్ర పోలీసులు), 1950 నుంచి 1952 దాకా ఎన్‌బీసీలో వచ్చింది, జోయెల్ మక్‌క్రే హీరో. నిజమైన కేసులు తీసుకుని పేర్లు మార్చి చేశారు. అందులో రేంజర్ కారు వెనక ట్రైలర్‌లో గుర్రాన్ని కట్టుకుని తిరుగుతాడు, కారు వెళ్ళలేని చోట దిగి గుర్రమెక్కుతాడు, అది నాకు భలే నచ్చింది. ఆధారాలు, బూటు గుర్తులు, తూటా పరీక్ష, చివర్లో వాడికి ఎన్నేళ్ళు శిక్ష పడిందో చెప్పడం, అన్నీ చక్కగా ఉంటాయి. కానీ పట్టుకున్నవాడి గురించి మర్నాటికి ఏమీ గుర్తుండదు. డిలన్ పట్టుకున్నవాళ్ళలో ముగ్గురు నలుగురు ఇంకా నా బుర్రలో తిరుగుతున్నారు.

ఆ శనివారం డాడ్జ్ సిటీలో బూట్ హిల్ మ్యూజియం చూశాను, పాత ఫ్రంట్ స్ట్రీట్‌ని మళ్ళీ కట్టి పెట్టారు. చెక్క నడవా మీద నడిస్తే నా షూ చప్పుడు కూడా నాటకంలోలాగే వినిపించింది. ఆర్కాన్సస్ నది అక్కడ చాలావరకు ఎండిపోయి ఇసుకే ఉంది. ఊరు ఇప్పటికీ పశువుల మీదే బతుకుతోంది, గాలి ఇటు తిరిగితే మందల వాసన వస్తుంది.

రికార్డింగులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి, పాడ్‌కాస్ట్ యాప్‌లలోనూ ఉన్నాయి. కొన్ని గరగరలాడతాయి, ఒకే నాటకం రెండు మూడు కాపీలు ఉంటే రెండోది పెట్టి చూడండి. యాస మొదట్లో పట్టుబడదు, నాకు నాలుగో నాటకం నుంచి అలవాటైంది. బిల్లీ ది కిడ్ అనే మొట్టమొదటి నాటకంతో మొదలుపెట్టి, కిట్టీ, క్యాబిన్ వినండి. వంట చేస్తూ, అంట్లు తోముతూ వింటే సగం చప్పుళ్ళు పోతాయి, లైటు తీసేసి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. సౌండు మాత్రం కాస్త తగ్గించుకోండి, అంత నిశ్శబ్దం తర్వాత ఒక్కసారిగా తుపాకీ పేలితే పక్కన పడుకున్నవాళ్ళు కూడా లేస్తారు, మా ఇంట్లో లేచారు.