కరెంటు టవల్ రాడ్: ప్లగ్ రకమా, డైరెక్ట్ వైరింగా? ఏది మేలు?

వానాకాలం వచ్చిందంటే బెంగళూరులో తువ్వాలు ఆరదు. మారతహళ్లి, కేఆర్ పురం వైపు బిల్డింగులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, బాత్రూమ్ కిటికీ తెరిస్తే కనిపించేది పక్కింటి గోడే, కాబట్టి మర్నాటికి కూడా తువ్వాలు ముక్కవాసన కొడుతూనే ఉంటుంది. అప్పుడే వేడెక్కే టవల్ రాడ్ కొందామన్న ఆలోచన వస్తుంది. ఏ రాడ్ అన్నది తర్వాత చూసుకోవచ్చు, దానికి కరెంటు ఎక్కణ్ణుంచి ఇస్తారో ముందు తేల్చుకోండి.

ప్లగ్ రకం చవక. గోడకి నాలుగు స్క్రూలు బిగిస్తే పనైపోతుంది. కానీ మన బాత్రూముల్లో ప్లగ్ పెట్టడానికి గీజర్ పాయింట్ తప్ప ఇంకేముంది? అది 16 ఆంపియర్లది, దాని వెనక ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్) 16 లేదా 20 ఆంపియర్లు. 100 వాట్ల రాడ్ తీసుకునేది అర ఆంపియర్ కూడా కాదు, దాని వైరూ సన్నమే. ఆ వైరు ఎక్కడైనా పాడై వేడెక్కినా, కరెంటు ఎంసీబీ హద్దు దాటకపోతే అది పడదు. బ్రిటన్ ప్లగ్గుల్లో లోపలే ఫ్యూజు ఉంటుంది, మన ప్లగ్గుల్లో ఉండదు. ఇక మల్టీప్లగ్ పెట్టి గీజరూ రాడ్డూ ఒకేచోట తగిలించే తెలివితేటలు మాత్రం దయచేసి వద్దు.

డైరెక్ట్ వైరింగ్ అంటే డీబీ (ఎంసీబీలన్నీ ఉండే ఇంటి మెయిన్ బాక్సు) నుంచి రాడ్డుకి విడిగా 6 ఆంపియర్ల ఎంసీబీ, ఎర్త్‌తో కలిపి రాగి వైర్లు, బాత్రూమ్ బయట గోడకి డీపీ (డబుల్ పోల్) స్విచ్. డీపీ అయితే ఫేజూ న్యూట్రలూ రెండూ తెగుతాయి, మామూలు స్విచ్ ఒక్క ఫేజునే ఆపుతుంది. రాడ్ దగ్గర ప్లగ్ ఉండదు, తడి దూరని మూత ఉన్న బాక్సులో కనెక్షన్ అయిపోతుంది. కంపెనీ కాగితంలో 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టమని ఉంటే అదీ పెట్టించండి. ఖర్చు ఎక్కువే, టైల్ కొట్టాలి, గోడలో నీళ్ల పైపు ఎటు పోయిందో తెలియకుండా డ్రిల్ పెడితే ప్లంబర్ ఖర్చూ తోడవుతుంది. అయినా సొంత ఇల్లయితే నా ఓటు దీనికే.

రెండిట్లో ఏదైనా సరే, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో ఈ రాడ్ జోలికే పోవద్దు. ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ కాపాడేది వైరుని, షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని టెస్ట్ బటన్ నొక్కితే పడిందంటే ఆర్‌సీసీబీ పనిచేస్తున్నట్టే, ఎర్త్ బాగుందని మాత్రం కాదు. పాత ఇళ్లలో మూడో పిన్నుకి ఎర్త్ వైరే ఉండదు, కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్ లోపలే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేసి చేతులు దులుపుకుంటారు. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిందా, మీరు తడి చేత్తో పట్టుకునే ఆ స్టీలు రాడ్డులోకి కరెంటు వచ్చేస్తుంది. అందుకే ఎర్త్ చెక్ చేయించకుండా రాడ్ బిగించనివ్వకండి.

చోటు సంగతి: మనవి బకెట్టూ మగ్గూ స్నానాలు, నీళ్లు నాలుగు గోడలకీ చిమ్ముతాయి. షవర్‌కీ బకెట్టుకీ కనీసం 60 సెంటీమీటర్లు, వీలైతే ఇంకా దూరంగా, తలుపు పక్క గోడ మేలు. రాడ్ మీద కనీసం ఐపీఎక్స్4 (నీళ్లని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే గుర్తు) అని ఉండాలి. చిమ్మే నీళ్లకి అది సరిపోతుంది, హ్యాండ్ షవర్‌తో కడగడానికి కాదు.

టైమర్ ఉన్నదే కొనండి. 100 వాట్లది రోజుకి 4 గంటలు వేస్తే నెలకి 12 యూనిట్లు, ఆపడం మర్చిపోయి రోజంతా వదిలేస్తే 72. గృహజ్యోతి (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) ఉన్న ఇంట్లో 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాల్సి వస్తుంది మరి.

అద్దె ఇల్లయితే రెండూ వద్దంటాను. ఓనర్ టైల్ కొట్టనివ్వడు, కొట్టినా ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి కోసుకుంటాడు. వెంటిలేటర్‌కి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకుని, స్నానం అయ్యాక అరగంట వేసి, తువ్వాలు మడత లేకుండా హాల్లో ఫ్యాన్ కింద ఆరేసుకుంటే చాలు.