జుట్టు రాలని కుక్క: షిట్జుతో తొమ్మిదేళ్లు

"జుట్టు రాలదండీ, అసలు పనే ఉండదు" అని చెప్పి మాకు షిట్జు పిల్లను అంటగట్టారు. మొదటి మాట దాదాపు నిజమే. తొమ్మిదేళ్లుగా సోఫా మీద వెంట్రుకలు ఏరుకోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు. రెండో మాటే శుద్ధ అబద్ధం. ఊడిన వెంట్రుక కింద పడకపోతే ఎక్కడికి పోతుంది? పక్క వెంట్రుకల్లో చిక్కుకుంటుంది. అక్కడే ముడిపడి, పట్టించుకోకపోతే ఉండ కడుతుంది.

ఈ సంగతి మాకు పదకొండో నెలలో తెలిసొచ్చింది. ఏడాది వయసు దగ్గరపడేసరికి ఈ జాతికి పిల్లజుట్టు పోయి పెద్ద జుట్టు వస్తుంది. అప్పుడు చిక్కులు మామూలుగా ఉండవు. మేం పైపైన దువ్వి మురిసిపోయేవాళ్లం. పైన నున్నగా, మెరుస్తూ ఉండేది. అడుగున చర్మాన్ని ఆనుకుని చాపలా అట్టకట్టేసింది. అది తెలియక స్నానం చేయించాం. తడిసి ఆరేసరికి ముడులు ఇంకా బిగిశాయి. చివరికి గ్రూమర్ దగ్గర మెషిన్‌తో మొత్తం తీయించక తప్పలేదు. ఇంటికొచ్చాక అది మంచం కింద దూరి చీకటిపడేదాకా బయటికి రాలేదు. ముద్దుగా పెట్టుకున్న పేరు ఆ రోజుతో పోయింది. అప్పట్నుంచీ అది గుండే.

ఇప్పుడు ఆరు వారాలకోసారి పొట్టిగా కట్ చేయిస్తాం. అయినా రోజూ పది నిమిషాలు దువ్వాల్సిందే. పొడిజుట్టు దువ్వితే తెగుతుంది కాబట్టి కాస్త నీళ్లు చిలకరించి, పాయలుగా విడదీసి, స్టీల్ దువ్వెన చర్మం దాకా పోనిస్తాను. చెవుల వెనక, చంకల్లో, హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) రాసుకునే చోట దువ్వెన తప్పకుండా ఆగుతుంది. ఆగినచోట లాగకుండా వేళ్లతో విప్పాలి. స్నానం ఆ తర్వాతే. మనుషుల షాంపూ వాడొద్దు, దాని చర్మానికి పడదు.

కళ్ల విషయంలో మాత్రం నన్ను నేను తిట్టుకుంటాను. ఈ కుక్కల కళ్లు పెద్దవి, కాస్త ముందుకు ఉంటాయి, ముక్కు మీద జుట్టేమో పైకి పెరుగుతుంది. నాలుగో ఏట ఒక కన్ను సగం మూసి, నీరు కారుస్తుంటే దుమ్ము పడిందేమో అనుకుని రెండు రోజులు ఊరుకున్నాను. ఇంట్లో మిగిలిన పాత చుక్కల మందు వేద్దామని మూత కూడా తీశాను. ఎందుకో ఆగి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఫ్లోరసీన్ అనే రంగుమందు చుక్క వేసి నీలం లైటు పెడితే నల్లగుడ్డు మీద ఒక చిన్న మచ్చ పచ్చగా మెరిసింది. పుండు. నా చేతిలోని సీసా చూసి ఆయన ముఖం మారిపోయింది. అందులో స్టెరాయిడ్ ఉంది, పుండున్న కంట్లో వేస్తే అది ఇంకా లోతుకు పోయేదట. కన్ను గీరుకోకుండా మెడకు కట్టిన గరాటులాంటి కోన్‌తో గుండు రెండు వారాలు గోడలు గుద్దుకుంటూ తిరిగింది. ఇప్పుడు కన్ను ఎర్రబడినా, చికిలించినా అదే రోజు వెళ్తాం.

గుణానికి వస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏం లేదు. టిబెట్ మూలాలున్న జాతి, చైనా రాజభవనాల్లో ఒళ్లో పెరిగింది. పేరుకు అర్థం సింహం. ఆ పేరు చూసి కాపలా ఆశించకండి. కొత్తవాళ్లెవరైనా వస్తే ఒకసారి మొరిగి, ఆ తర్వాత వాళ్ల చెప్పుల మీదే పడుకుంటుంది. 4 నుంచి 7 కిలోల బరువు, చిన్న ఇంట్లోనూ సర్దుకుపోతుంది. మొండి మాత్రం. నడకలో మనసు మారితే అక్కడే కూలబడుతుంది. బయటికెళ్లి ఒకటికి పోవడం నేర్పడానికే మాకు ఎనిమిది నెలలు పట్టింది. అరిస్తే ఇంకా బిగుసుకుపోయేది, బయట పని కానిచ్చిన వెంటనే చిరుతిండి పెట్టడం మొదలెట్టాకే దారికొచ్చింది. రోజంతా తాళం వేసి వెళ్లే ఇళ్లకు ఈ కుక్క వద్దు. ఒంటరిగా ఉంటే దిగులుపడిపోతుంది.

చప్పిడి ముక్కు కాబట్టి ఎండ పడదు. నాలుకతో వగర్చి ఒంటి వేడి దించుకోవడం పొడుగు మూతి కుక్కలకున్నంత తేలిక కాదు దీనికి. వేసవిలో నడక పొద్దున్నే, లేదా పొద్దుపోయాక. మెడపట్టీ బదులు హార్నెస్. దవడ చిన్నది, పళ్లు ఇరుకు, గార త్వరగా పడుతుంది. మేం బ్రష్ ఆలస్యంగా మొదలెట్టాం, ఏడో ఏట రెండు పళ్లు పీకించాల్సి వచ్చింది. గురక సంగతి చెప్పనే లేదు, పక్కగదిలోకి వినిపిస్తుంది.

ఇది రాస్తూ పెన్ను కోసం సొరుగు లాగాను. దువ్వెన ఉండేదీ అందులోనే. గుండు అప్పుడే మంచం కిందికి వెళ్లిపోయింది.