మా నాయన స్ప్లెండర్‌కి రెండేళ్లలో ఏమేం చేయించా, ఏది పనికొచ్చింది, ఏది దండగ

బండి 2006 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. కిక్ స్టార్టే, స్పోక్ వీల్స్, రెండు పక్కలా డ్రమ్ బ్రేకులు, ఏపీ 02 నంబరు. మా నాయన హిందూపురంలో పదిహేడేళ్లు తోలి మోకాళ్ల నొప్పులని చెప్పి స్కూటీకి మారిపోయాడు, గుజిరీకి వేస్తా అంటుంటే నాకియ్యి అని బెంగళూరుకి తెచ్చుకున్నా. ఎన్ఓసీ (ఆంధ్రా ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చి ఇక్కడ ట్యాక్స్ కట్టడం వేరే కథ, అది ఇంకెప్పుడైనా. మారతహళ్లి నుంచి రోజూ ఆఫీసు, నెలకి రెండుసార్లు యలహంక, దొడ్డబళ్లాపుర, గౌరిబిదనూరు మీదుగా ఊరికి, ఇదీ నా వాడకం. రేసింగ్ చేసేవాళ్లకి ఈ రివ్యూ ఉపయోగపడదు.

ముందు లైట్ గురించే చెప్తా, ఎందుకంటే డబ్బు ఎక్కువ తగలేసిందీ దీని మీదే, చివరికి బాగా సుఖపడిందీ దీనివల్లే. గౌరిబిదనూరు దాటాక రాత్రి పూట ఆ 35 వాట్ల బల్బు వెలుగు కొవ్వొత్తి లెక్క ఉంటుంది, గుంతలో పడ్డాకే గుంత కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో పన్నెండొందలు పెట్టి ఎల్ఈడీ బల్బు తెప్పించి నేనే బిగించా. స్లోలో ఉంటే పెళ్లింటి సీరియల్ లైట్ లాగా టపటపా కొట్టుకునేది, మూడో వారానికి మొత్తం ఆరిపోయింది. సరే అని 55/60 వాట్ల హాలోజన్ వేయించా, అది వెలుగు పెంచకపోగా హోల్డర్‌ని కరిగించింది, ఒకరోజు ట్రాఫిక్‌లో ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే పక్కన లారీదేమో అనుకున్నా, చూస్తే నాదే.

అప్పుడు మా వీధి చివర మెకానిక్ దగ్గరికి పోయా, కోలారు ఆయన, తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు. "సార్, ఇంజన్లో పుట్టే కరెంటు అంతే, మీరు బల్బు మీద బల్బు మారుస్తా కూర్చుంటే యాడనుంచి వస్తుంది" అన్నాడు. విషయం ఏంటంటే ఈ పాత స్ప్లెండర్లలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద వెలగదు, మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటు మీదే వెలుగుతుంది, అందుకే రేజ్ చేస్తే ప్రకాశం, వదిలేస్తే చీకటి. ఎల్ఈడీకి డీసీ కావాలి. ఆయన ఎడమ పక్క కవర్ తీసి, కాయిల్‌లో బాడీకి ఎర్త్ అయ్యున్న కొసని లేపేసి, దానికి వేరే వైరు సోల్డర్ చేసి బయటికి లాగి, ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసే డబ్బా) పెట్టి, లైట్‌ని బ్యాటరీ లైన్‌కి కలిపి, మళ్లీ ఎల్ఈడీ బల్బే పెట్టాడు. పాత 2.5 ఏహెచ్ చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి కొత్తది కూడా వేయించా. ఎల్ఈడీ లాగేది 35 వాట్లకంటే తక్కువే కాబట్టి బ్యాటరీకి కూడా చార్జింగ్ మిగులుతుంది. మొత్తం రెండు వేల మూడొందలు, సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి ఏడుకి అయిపోయింది. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగినా లైట్ తగ్గదు. రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. బ్యాటరీ వీక్ అయితే ఇప్పుడు లైట్ కూడా వీక్ అవుతుంది, ముందు ఆ బాధ లేదు. ఇంకోటి, హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో (హెడ్‌లైట్ గిన్నెలో) ఎల్ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటోడి కళ్లలో పడుతుంది, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ గోడ మీద వేసి చూసుకుని, బల్బు తిప్పి, డూమ్ కాస్త కిందికి దించుకుంటే గానీ కుదరలేదు. ఆ పని చేసుకోకుండా తిరిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది.

తర్వాత హ్యాండిల్. నేరుగా పోతుంటే హ్యాండిల్ మధ్యలో టక్కుమని గాడిలో పడ్డట్టు ఆగేది, కొద్దిగా తిప్పాలంటే తోసినట్టు తిప్పాలి, స్లోలో బండి తాగినోడి లెక్క ఊగేది. నేను టైర్ అనుకున్నా, కాదు, కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే గుండ్ల బేరింగు. ఊరి గుంతలకి, ఆపైన బెంగళూరు గుంతలకి గుండ్లు కప్పుల్లో దిగిపోయి వరసగా చిన్న చిన్న గుంటలు పడ్డాయి, విప్పాక వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. గుండ్ల బదులు టేపర్ రోలర్ బేరింగ్ సెట్ వేయించా, రోలర్ అయితే బరువు ఒక్క చుక్క మీద కాకుండా గీత పొడవునా పడుతుంది కాబట్టి అంత తొందరగా గుంటలు పడవు. దాంతోపాటే ఫోర్క్ (ముందు షాకుల) ఆయిల్, సీల్స్, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా మార్పించా. వీటిని అప్‌గ్రేడ్ అంటారో రిపేర్ అంటారో నాకు తెలీదు, కానీ బండి సగం కొత్తదైంది.

టైర్లు రెండూ 2.75-18 సైజులోనే ఉండనిచ్చి మంచి గ్రిప్ ఉన్నవి వేయించా, పాతవి అరగలేదు గానీ ఎండకి గట్టిపడి వానలో సబ్బు లెక్క జారేవి. టైర్ షాపోడు వెనక లావు టైర్ వేసుకోండి లుక్ వస్తుంది అన్నాడు. ఏడున్నర గుర్రాల బండికి లావు టైర్ ఎందుకు నాయనా, మైలేజీ పోయి, పికప్ పోయి, స్వింగ్ ఆర్మ్‌కి రాసుకుంటూ తిరగడానికా. బ్రేకులకి కంపెనీ షూలు, వాటిని తెరిచే కేమ్ తీసి శుభ్రం చేసి గ్రీజ్, కొత్త కేబుల్, అంతే. ముందు డిస్క్ వేసుకోమని చాలామంది చెప్పారు, దానికి ఫోర్కు, వీలు, హబ్బు అన్నీ మారాలి, ఆ డబ్బుకి ఇంకో బండే వస్తుంది.

స్పేర్లకి బెంగళూరులో బండి సామాన్లు అమ్మే జేసీ రోడ్ పోయా. అక్కడ ఒక షాపులో (పేరు వద్దులే) ఒరిజినల్ అని చెప్పి క్లచ్ ప్లేట్లు ఇచ్చారు, నాలుగు నెలలకే స్లిప్. పాత ప్లేట్ పక్కన పెట్టి చూస్తే కార్క్ మందం కంటికే తేడా తెలుస్తోంది. అడగడానికి పోతే బిల్లు ఏది అన్నాడు, బిల్లు అడగకపోవడం నా తప్పే. స్ప్లెండర్‌తో ఉన్న సుఖం ఏంటంటే 1994లో వచ్చిన బండి ఇప్పటికీ తయారవుతోంది, సామాను ఎక్కడైనా దొరుకుతుంది, దొంగ సామాను కూడా అంతే సులువుగా దొరుకుతుంది.

ఆ క్లచ్ రెండోసారి విప్పినప్పుడే ఒక మంచి పని జరిగింది. కుడి పక్క కవర్ లోపల, క్రాంక్ చివర గుండ్రంగా ఒక ఆయిల్ ఫిల్టర్ డబ్బా ఉంటుంది, అది తిరిగే వేగానికి ఆయిల్‌లోని చెత్త అంచులకి కొట్టుకుని అక్కడే అతుక్కుంటుంది. మూత విప్పితే లోపల వేలి గోరు మందాన నల్లటి మడ్డి, పుల్లతో గీకితే తారు లెక్క వచ్చింది. పదిహేడేళ్లలో దాన్ని ఎవ్వరూ ముట్టుకున్నట్టు లేదు. మీ దగ్గర ఇలాంటి పాత బండి ఉంటే క్లచ్ పని వచ్చినప్పుడు అడిగి మరీ తీయించండి, గ్యాస్కెట్ ఖర్చు తప్ప ఇంకేం పడదు.

పెట్రోల్ పైపు కూడా మార్పించుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 2006 బండిలో రబ్బర్లు దానికోసం చేసినవి కావు. నా కార్బొరేటర్‌లో ఓ రింగ్ ఉబ్బి చేతికి జిగురుగా తగిలింది. ఇథనాల్ నీళ్లని పీల్చుకుంటుంది కూడా, బండి నెలలు నెలలు వాడకుండా పెడితే ట్యాంక్ అడుగున తుప్పు ఖాయం.

దండగ ఖర్చులు త్వరగా చెప్పేస్తా. సైలెన్సర్: కుర్రతనం కొద్దీ ఫ్రీ ఫ్లో (పొగకి అడ్డు తక్కువుండేది) వేయించా, శబ్దం వచ్చింది, స్పీడ్ రాలేదు, సెకండ్ గేర్‌లో లాగుడు తగ్గింది, హెబ్బాల్ దగ్గర ఫైన్ పడింది, మర్నాడే పీకేసి పాతది పెట్టా. ఇక్కడ పోలీసులు ఇలాంటి సైలెన్సర్లు పోగేసి రోడ్ రోలర్‌తో తొక్కించారు కూడా. ఓపెన్ ఎయిర్ ఫిల్టర్: జెట్టింగ్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్‌ల సైజు) మార్చకుండా వేస్తే మిక్చర్ పల్చబడి ఇంజన్ వేడెక్కుతుంది, ఈ ఊరి దుమ్ముకి బోర్ కూడా పోతుంది. మొబైల్ చార్జర్ పెట్టుకోవచ్చు గానీ నేరుగా బ్యాటరీకి కాకుండా తాళం లైన్‌లోంచి ఇప్పించుకోండి, లేకుంటే అంత చిన్న బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోతుంది.

మొన్న పండక్కి ఊరెళ్తే నాయన రాత్రి పూట పాలకి బండి తీసుకుపోయాడు. వచ్చి లైట్ గురించి ఒక్క ముక్క అనలేదు, "హారన్ మార్చినావా, గొంతు మారిపోయిండాది" అన్నాడు. హారన్ నేను మార్చలేదు. డీసీ చేశాక కరెంటు నిండుగా వస్తోంది కదా, దాని అసలు గొంతు అదేనేమో.