మంగోలో రెండు రాత్రులు: నీళ్ళు లేని చెరువు, మేకులు లేని డేరా

అనంతపురం నుంచి నాన్న మెల్‌బోర్న్ వచ్చిన మూడో వారం. గ్రేట్ ఓషన్ రోడ్డు, పెంగ్విన్లు అన్నీ చూపించేశాను. "సముద్రాలు చాల్లేరా, లోపల భూములెట్లుంటాయో చూపీ" అన్నారు. సెప్టెంబరు బడి సెలవులు కదా అని మంగో నేషనల్ పార్క్‌కు ప్లాన్ చేశాను. మామిడిపండు మ్యాంగో కాదు, మంగో. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, మర్రే నది దాటాక వచ్చే ఎడారి లాంటి ప్రాంతం.

మెల్‌బోర్న్ నుంచి మిల్డూరా దాకా 540 కిలోమీటర్లు, మంచి తారు రోడ్డు. ఆ ఊరి చుట్టూ ద్రాక్ష తోటలు, నారింజ తోటలు. నాన్న రెండు చోట్ల కారు ఆపించి డ్రిప్పు పైపులు చూసి వచ్చారు. ఆ రాత్రి మిల్డూరాలో తీసుకున్న క్యాబిన్ గురించి చెప్పడానికేమీ లేదు. హీటరు మోగింది, వేడి మాత్రం రాలేదు.

అసలు ప్రయాణం మర్నాడు. మిల్డూరా నుంచి పార్కు 110 కిలోమీటర్లు. కొంత దూరం తారు, తర్వాత మట్టిరోడ్డు. మట్టి గట్టిగానే ఉంటుంది కానీ రోడ్డుకు అడ్డంగా దున్నిన చాళ్ళలా గతుకులు. టైర్లలో గాలి కొంచెం తగ్గించినా కారు గడగడలాడుతూనే ఉంది. ఆ ఊపుకి వెనక సీట్లో స్టీలు డబ్బా మూత ఊడి పులిహోర సగం సీటు మీద పడింది. ఎర్రటి దుమ్ము ఎంత సన్నగా ఉందంటే ఆవకాయ సీసా మూత మరల్లోకి కూడా దూరింది. తిప్పితే కరకరమని చప్పుడు.

వెళ్ళేవాళ్ళకు ముఖ్యంగా చెప్పేది ఇదే: పార్కులో పెట్రోలు లేదు, కిరాణా కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. ట్యాంకు మిల్డూరాలోనే నింపుకోవాలి. నీళ్ళు కూడా మనవే. మనిషికి రోజుకు పది లీటర్ల లెక్కన తీసుకెళ్ళాం, సరిపోయాయి. చలిమంటకు కట్టెలు పార్కులో ఏరకూడదు, కొనుక్కుని వెళ్ళాలి. ఇంకోటి, వాన పడితే ఈ మట్టిరోడ్లు మూసేస్తారు. బయల్దేరే రోజు పొద్దున రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోకపోతే సగం దారిలోంచి వెనక్కి రావాల్సిందే. అద్దె కారైతే మట్టిరోడ్డు మీద ఇన్సూరెన్స్ ఉంటుందా అని ముందే అడగండి, చాలావాటికి ఉండదు.

మేం మెయిన్ క్యాంప్‌లో దిగాం. విజిటర్ సెంటర్‌కు దగ్గర్లోనే. ఒక్కో జాగాకు మధ్య బాగా ఎడం ఉంది, బల్లలు ఉన్నాయి, గుంట మరుగుదొడ్లు శుభ్రంగానే ఉన్నాయి. డేరా విప్పాక తెలిసింది, మెల్‌బోర్న్‌లో అద్దెకిచ్చిన షాపువాళ్ళు మేకుల సంచి పెట్టనే లేదు. గాలి మొదలైంది. పక్కన కారవాన్ పెట్టుకున్న పెద్దావిడ మా అవస్థ చూసి ఎనిమిది ఇనప మేకులు, ఒక సుత్తి తెచ్చిచ్చింది. నాన్న ఆమెకు మిగిలిన పులిహోర పెట్టారు. కారం తగిలి కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి పెట్టించుకుంది.

సాయంత్రం వాల్స్ ఆఫ్ చైనా అనే దిబ్బల దగ్గరికి వెళ్ళాం. ఇక్కడ ఒకప్పుడు పెద్ద సరస్సు ఉండేది. సరస్సు పడమటి ఒడ్డు నుంచి తూర్పు ఒడ్డుకు, ఎండిపోయిన సరస్సు మధ్యలోంచే రోడ్డు. నీళ్ళుండాల్సిన చోటంతా మోకాలెత్తు సాల్ట్‌బుష్ పొదలు. ఎదురుగా నెలవంకలా వంగిన ఇసుక, బంకమట్టి దిబ్బ. వానకు కోసుకుపోయి శిఖరాల్లా నిలబడింది. నాన్న దాన్ని చూసి, "ఇది చెరువు కట్ట గదరా!" అన్నారు. నవ్వాను కానీ పోలిక భలే కుదిరింది. ఇది మనిషి కట్టిన కట్ట కాదు, పడమటి గాలి కట్టింది. సరస్సు ఒడ్డు ఇసుకను, ఎండినప్పుడు అడుగు మట్టిని వేల ఏళ్ళ పాటు తూర్పు గట్టుకు ఎత్తిపోసింది. విల్లాండ్రా వాగు నీళ్ళు ఆగిపోయి సరస్సు ఎండి దాదాపు 15 వేల ఏళ్ళు. ఎండ వాలేకొద్దీ ఆ కట్ట తెల్లటి రంగు నుంచి గులాబీకి, తర్వాత నారింజకు మారింది. పొద్దున వచ్చి మధ్యాహ్నం మిల్డూరా తిరిగెళ్ళిపోయే వాళ్ళకు ఇది దొరకదు. కనీసం ఒక రాత్రి ఉండమని అందుకే చెప్తున్నాను.

చెక్కలు పరిచిన నడకదారి దాటి దిబ్బల మీదికి మనంతట మనం వెళ్ళకూడదు. రేంజరుతో వెళ్ళే టూరుకు డబ్బు కట్టాలి, కట్టండి. ఈ నేల బార్కింజి, ముత్తి ముత్తి, న్యియాంపా తెగలది. మాకు దారి చూపినాయన ఆ తెగల మనిషే. 1968లో జిమ్ బౌలర్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఇక్కడ కాలిన ఎముకలు కనిపించాయి. మంగో లేడీ అంటారు. దాదాపు 42 వేల ఏళ్ళ క్రితం దహనం చేసిన స్త్రీ. ఆ ఎముకలను ఒక సూట్‌కేసులో పెట్టి కాన్‌బెర్రా తీసుకెళ్ళారు. 1974లో మంగో మ్యాన్ దొరికాడు, ఆ కాలంలోనే ఎర్రమట్టి చల్లి పాతిపెట్టిన మగమనిషి. ఆమె 1992లో తిరిగొచ్చింది, ఆయన 2017లో. నేను తెలుగులో చెప్తుంటే నాన్న మధ్యలో ఆపారు. "దహనం చేసినాక పెట్టెలో పెట్టుకుని పోయినారా?" అన్నారు. ఆ తర్వాత కాసేపు మాట్లాడలేదు. తాతయ్య అస్థికలు కృష్ణలో కలిపేదాకా ఇంట్లోకి తేకుండా చెట్టుకు కట్టి ఉంచిన సంగతి నాకు గుర్తొచ్చింది.

విజిటర్ సెంటర్ పక్కన 20 వేల ఏళ్ళ నాటి పాదముద్రల నమూనా ఉంది. అసలువి 2003లో బయటపడ్డాయి, పాడవకుండా మళ్ళీ ఇసుకతో కప్పేశారు. బంకమట్టిలో కాలి వేళ్ళు విడివిడిగా పడ్డాయి, నాటు వేసి గట్టెక్కిన వాళ్ళ అడుగుల్లాగే. 1869 నాటి ఉన్ని కత్తిరింపు కొట్టం కూడా చూడాల్సిందే. మేకుల్లేకుండా గాడి చేసి దూర్చిన దుంగలు, గొర్రెల ఒళ్ళు రాసుకుని నున్నబడ్డ కొయ్యలు.

డెబ్భై కిలోమీటర్ల లూప్ రోడ్డు ఉంది. మాకైతే మొదటి సగమే నచ్చింది, తర్వాత అంతా ఒకే తీరు. ఈముపక్షులు మాత్రం లెక్కలేనన్ని.

ఈగల గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. కళ్ళలో, ముక్కులో, మాట్లాడితే నోట్లో. నేను ముఖానికి వల కొనుక్కున్నాను, నాన్న తువ్వాలు తలపాగా చుట్టి కొసతో ముఖం కప్పుకున్నారు. ఆయనదే బాగా పనిచేసింది. చీకటి పడగానే ఈగలు పోయి చలి వచ్చింది. నాన్న సప్తర్షి మండలం కోసం ఉత్తరం వైపు చాలాసేపు వెతికారు. ఇక్కడ కనపడదని చెప్తే, "మరి పెళ్ళిలో అరుంధతిని ఎట్ల చూపిస్తారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పెద్దవాళ్ళతో వెళ్తే డేరా వద్దు. రెండో రాత్రి నాన్న నడుం పట్టేసింది, తెల్లారేదాకా కార్లో కూర్చున్నారు. విజిటర్ సెంటర్ దగ్గర పాత షియరర్స్ క్వార్టర్స్‌లో (ఒకప్పుడు ఉన్ని కత్తిరించేవాళ్ళు ఉన్న గదులు) మంచాలు, అందరూ వాడుకునే వంటగది ఉన్నాయి. కుటుంబానికి అదే నయం. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే పార్కు అంచున ఒక లాడ్జి ఉంది, వంట బాధ కూడా ఉండదు. కుర్రాళ్ళయితే మెయిన్ క్యాంపే హాయి.

మెల్‌బోర్న్ వచ్చాక డేరా తిరిగిస్తే, ఎర్రదుమ్ము అంటిందని షాపువాళ్ళు శుభ్రం చేసే చార్జీ వేశారు. మేకుల సంచి సంగతి అడిగితే, మీరే పోగొట్టి ఉంటారన్నారు.