మా కరెంటు బట్టీతో ఏడేళ్ళు

మిర్యాలగూడలో మా షెడ్డులో కుండలు కాల్చే ఈ బట్టీ పెట్టి ఏడేళ్ళయింది. ముందు తలుపు ఉండే రకం, 6 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్. ఇది 26 ఆంప్స్ లాగుతుంది కాబట్టి దీనికోసమే వేరే లైను లాగించి 32 ఆంప్స్ ఎంసీబీ పెట్టించాను. నాయిన ఆవంలో కాల్చిన రోజుల్లో వానొస్తే పని ఆగేది. ఇప్పుడు ఆగదు. మధ్యలో కరెంటు పోతే మాత్రం టెన్షనే.

మొదటి ఏడాది దీన్ని చాలా తిట్టుకున్నాను. ఒక్క పగులు లేకుండా దిగిన కూజాలు వారం తిరక్కముందే పెచ్చులు లేచేవి. ఒక కూజా భుజం మీద గోరంత పెచ్చు ఊడింది. ఆ గుంత అడుగున ఆవగింజంత తెల్లటి పలుకు, వేలితో రుద్దితే పిండిపిండి. నాయిన చూసి "సున్నం రా ఇది" అన్నాడు. మా వైపు సున్నపురాయి ఎక్కువ, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది అందుకే. మేం తెచ్చే చెరువు మట్టిలోనూ దాని పలుకులుంటాయి. 1000 డిగ్రీలకు కాలి సున్నమైపోతాయి, తర్వాత గాలిలో తేమ పీల్చి ఉబ్బి పైమట్టిని తన్నేస్తాయి. పాపం, బట్టీ తప్పేం లేదు. అప్పటినుంచి మట్టిని నీళ్ళలో పలచగా కలిపి, 80 మెష్ సన్న జల్లెడ పట్టి, ఆరబెట్టి పిసికాకే సారె మీద పెడుతున్నా. పెచ్చులు పోయాయి.

నేను అనుమానించాల్సింది లోపలి వేడి చూపించే మీటరును. నాలుగో ఏడు కుండల మీది గ్లేజు (గాజులాంటి పూత) జారి, అవి పెట్టిన పలకకు అంటుకుంది. మీటరేమో ఎప్పటిలాగే 1000 చూపిస్తోంది. మరుసటి కాల్పులో 06 కోన్ (దాదాపు 1000 డిగ్రీలకు కొన వంగే చిన్న శంకువు) పెట్టి చూస్తే, కొన వంగాల్సింది పూర్తిగా పడిపోయి ఉంది. లోపల అసలు వేడి ఎక్కువ, మీటరుకు వేడి తెలిపే థర్మోకపుల్ పాతబడి తక్కువ చూపిస్తోంది. మార్చాను. కోన్ లేకుండా ఇప్పుడు ఒక్కసారి కూడా కాల్చను.

బట్టీని వేడెక్కించే కాంతాల్ తీగచుట్టలు రెండుసార్లు మార్చాను. ఒకసారి జారిన చుట్టను చల్లగా ఉన్నప్పుడే పట్టకారుతో నెట్టబోతే పుటుక్కున విరిగింది. ఒకసారి కాలిన తీగ పెళుసైపోతుంది, వేడి చేయకుండా వంచొద్దు.

షెడ్డు పొడిగా ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు.

తలుపు దగ్గర కింది మూల చల్లగా ఉండటం ఒక్కటే నాకున్న ఫిర్యాదు. అక్కడ గ్లేజు సామాను పెట్టను, పచ్చి ప్రమిదలు పెడతాను. మళ్ళీ కొన్నా ఇదే సైజు కొంటాను.