ముందద్దానికి రెసిన్ రిపేరు: ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

రావులపాలెం, సిద్ధాంతం మధ్య ఇసుక లారీ వెనకాల వెళ్తే చాలు, అద్దానికి ఎప్పుడో ఒకప్పుడు రాయి తగులుతుంది. మా కారుకీ అలాగే తగిలింది. ఎడమవైపు కింద, రూపాయి బిళ్ళ కంటే చిన్న దెబ్బ, చుట్టూ నాలుగు సన్నటి గీతలు. భీమవరంలో రెసిన్, అంటే పగుల్లో నింపి గట్టిపరిచే జిగురులాంటి ద్రవం, వేయించాను. ఎన్నో రోహిణి కార్తెలు, వానాకాలాలు దాటినా ఆ అద్దంతోనే బండి నడిచింది.

పని ఎలా జరుగుతుందో దగ్గర కూర్చుని చూశాను. రబ్బరు కప్పులతో అద్దానికి అతుక్కునే చిన్న స్టాండు బిగించి, మెకానిక్ ముందు దెబ్బలోని గాలి లాగేశాడు, తర్వాత రెసిన్ ఎక్కించాడు. గాలి ఉన్నంతసేపు ఆ గీతలు వెండి తీగల్లా మెరుస్తాయి. రెసిన్ నిండుతుంటే ఒక్కొక్కటే మాయమవుతాయి. ఒక గీత కొస మాత్రం మిగిలిపోయింది. "వాన నీళ్ళు దిగిపోయాయండి, అక్కడికి రెసిన్ వెళ్ళదు" అన్నాడు. పైన పల్చటి ప్లాస్టిక్ ముక్క పెట్టి యూవీ లైటుతో గట్టిపరిచి, మిగిలింది బ్లేడుతో గీకేశాడు. రాయి తగలగానే దాని మీద పారదర్శకంగా ఉండే సెల్లోటేపు అంటించేయమని నేను అందరికీ చెప్పేది నీళ్ళు లోపలికి దిగకూడదనే. మన గాలిలోని తేమకి, దుమ్ముకి ఆలస్యం అస్సలు పనికిరాదు.

పగులు పాకకుండా ఆపడం రెసిన్ పని. అది నూటికి నూరు పాళ్ళూ చేసింది. మే నెల ఎండలో కాలిపోయిన అద్దం మీద ఏసీ గాలి తగిలినా, గోతుల రోడ్డు మీద బండి అదిరినా గీత వెంట్రుక వాసి కూడా జరగలేదు.

కానీ అద్దం కొత్తదైపోదు. మచ్చ ఉంటుంది. రాత్రి ఎదురుగా వచ్చే లారీ లైట్లు పడితే అది మెరుస్తుంది. ఎడమవైపు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. అదే స్టీరింగు ఎదురుగా ఉంటే రెసిన్ వేయించేవాణ్ణే కాదు, అద్దమే మార్పించేవాణ్ణి. ఇసుక పేరుకున్న అద్దం మీద పొడిగా వైపర్ తిప్పితే పడే గీతలకీ రెసిన్ మందు కాదు.

ముందద్దం అంటే రెండు గాజు పలకలు, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. బయటి పలక దెబ్బకే ఈ రిపేరు. లోపలి పలక కూడా చిట్లితే మార్చడమే. తలుపుల అద్దాలు మామూలుగా టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజు, పగిలితే పలుకులై రాలిపోతాయి, వాటికి రిపేరు లేదు.

తర్వాత ఇంకో రాయి అంచు దగ్గర తగిలి, పగులు జానెడు పాకింది. ఒక షాపులో "రెసిన్‌తో సరిపెట్టేద్దాం, ఖర్చు తగ్గుతుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అద్దం బాడీకి అంటుకుని ఉండేది అంచుల దగ్గరే. బండి పల్టీ కొడితే పైకప్పు నలిగిపోకుండా ఆ అద్దం కూడా కొంత బరువు మోస్తుంది. చాలా కార్లలో ఎడమ సీటు ఎయిర్‌బ్యాగ్ ముందద్దాన్ని ఆసరా చేసుకుని, కూర్చున్న మనిషి వైపు విచ్చుకుంటుంది. కాలవ గట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్ళం మనం. అక్కడ డబ్బు మిగుల్చుకోవడం నాకు సమ్మతం కాదు.

కొత్త అద్దం వేయించేటప్పుడు జిగురు గురించి తప్పకుండా అడగండి. పాలీయురెథేన్ జిగురు ఆరేదాకా బండి కదపకూడదు. ఎంతసేపన్నది జిగురు రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. "పర్లేదు, వెంటనే తీసుకెళ్ళండి" అనే చోట పని చేయించకండి. అద్దం వెనక కెమెరా ఉన్న బండైతే దాన్ని మళ్ళీ సరిచేయించాలి, లేకపోతే లేన్ హెచ్చరికలు, ఆటోమేటిక్ బ్రేకు తప్పుదారి పట్టొచ్చు.

ఇన్సూరెన్సులో గాజు భాగాలకి, బండి పాతబడిందని, తరుగుదల కోయరు. అయితే క్లెయిము పెడితే, పాలసీలో వేరే వెసులుబాటు లేకపోతే, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము పెట్టని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. అది 20 శాతం నుంచి 50 శాతం దాకా ఉంటుంది. అందుకే చిన్న దెబ్బకి రెసిన్ ఖర్చు జేబులోంచే పెట్టుకున్నాను, అద్దం మార్చినప్పుడు మాత్రం క్లెయిము పెట్టాను.